బొమ్మలూ, చిగుళ్లూ, కట్టబోయే ఇల్లూ

ప్రశ్న: ఈ మధ్య మళ్లీ బొమ్మలు వేయడం మొదలుపెట్టానండీ, వసంతం కదా, కిటికీ పక్కన కూర్చుని చెట్టు వేస్తుంటే టైమే తెలియట్లేదు. మేం కట్టుకోవాలనుకుంటున్న ఇల్లు కూడా వేస్తున్నా, కానీ గీతలు వంకరపోతున్నాయి, ఇంట్లోవాళ్లు నవ్వుతున్నారు. నేర్చుకునే వేయాలా?

జవాబు: నవ్వనివ్వండి, వాళ్ల చేతికోసారి పెన్సిల్ ఇచ్చి చూడండి! క్లాసులకి తర్వాతైనా వెళ్లొచ్చు. చెట్టుకైతే వంకర గీతే అందం. ఒక్క చిగురు కొమ్మ తీసుకోండి చాలు, కొన్ని చెట్లకి లేతాకులు ఎర్రగా ఉంటాయి కదా, అది ఆంథోసయనిన్ అనే పదార్థం వల్ల, ఆకు ముదిరేకొద్దీ పచ్చబడుతుంది, అందుకే రెండ్రోజులకోసారి అదే కొమ్మ వేస్తే రంగు మారడం మీ కాగితం మీదే కనిపిస్తుంది. హెచ్‌బీ పెన్సిల్‌తో లైట్‌గా గీసి నీడలకి ఇంకా నల్లగా పడే 4బీ పెన్సిల్ వాడండి.

ఇల్లు మాత్రం గళ్ల కాగితం మీద వేయండి. 1:50 స్కేల్ పెట్టుకుంటే 3 మీటర్ల గది 6 సెంటీమీటర్లు వస్తుంది, మంచం, బీరువా, తలుపు తెరుచుకునే జాగా కూడా అదే లెక్కలో గీస్తే ఏది పడుతుందో ఏది పట్టదో అక్కడే తేలిపోతుంది. కిటికీల సంగతి మాత్రం అప్పుడే ఫిక్స్ అయిపోకండి, పొద్దుటి ఎండ ఎటొస్తుందో చూసుకుని ఇంకో రెండు మూడు రకాలుగా గీసి చూడండి.