టెంప్లేట్ పక్కన పెట్టు, ముందు నెలకి ఎన్ని అమ్మాలో తేల్చు

ప్రశ్న: మేడం, డిగ్రీ అయిపోయింది. టీషర్టుల మీద డిజైన్లు ప్రింట్ చేసి అమ్మే చిన్న బిజినెస్ పెడదామనుకుంటున్నా. నాన్న సరే అన్నారు కానీ ముందు ప్లాన్ రాసి చూపించు, తర్వాత డబ్బుల సంగతి చూద్దాం అన్నారు. నెట్‌లో టెంప్లేట్ దింపుకుంటే 40 పేజీలుంది, కంపెనీ ఆశయాలు రాసే విజన్, మిషన్ పేజీల దగ్గరే వారం నుంచి ఆగిపోయా. ఎలా రాయాలి?

జవాబు: ముందు ఆ 40 పేజీలు మూసెయ్యమ్మా. అలాంటివి పెద్ద లోన్లకో ఇన్వెస్టర్లకో పనికొస్తాయి, నీకు ఇప్పుడు కావాల్సింది రెండు మూడు పేజీలు, అంతే. విజన్, మిషన్ లేకపోయినా షర్టు అమ్ముడుపోతుంది. మొదట్లో పెట్టే సారాంశం ఉంటుంది చూడు, అది మొదటి పేజీలో ఉన్నా రాసేది మాత్రం ఆఖర్న, అన్నీ తేలాక. నువ్వు రివర్స్‌లో మొదలుపెట్టావు కాబట్టే ఆగిపోయావు.

మొదటి పేజీలో ఎవరికి అమ్ముతావో రాయి. "యూత్ అందరికీ" అని రాస్తే ఎవరికీ కాదనే లెక్క. కాలేజీ ఫెస్టులకి వందల్లో ఆర్డర్ తీసుకోవడం ఒక బిజినెస్, పుట్టినరోజుకి ఒక్క షర్టు మీద ఫోటో వేసివ్వడం ఇంకో బిజినెస్, మెషిన్ దగ్గర్నుంచే తేడా వచ్చేస్తుంది. స్క్రీన్ ప్రింటింగ్‌లో (జాలీ లాంటి తెర మీదుగా ఇంకు బట్ట మీదికి నొక్కే పద్ధతి) ప్రతి డిజైన్‌కీ, అందులో ప్రతి రంగుకీ విడిగా స్క్రీన్ తయారుచేయాలి, అందుకే ఒకటీ రెండూ వేస్తే గిట్టదు, ఎక్కువ వేసేకొద్దీ ఒక్కోదానికి ఖర్చు తగ్గుతుంది. ఒక్క షర్టు ఆర్డర్లకైతే ప్రింట్ తీసి హీట్ ప్రెస్‌తో, అంటే వేడిగా నొక్కే మెషిన్‌తో, అంటించే పద్ధతి నయం. కాబట్టి కస్టమర్ ఎవరో తేలకుండా మెషిన్ రేట్లు కనుక్కుంటూ కూర్చోకు. కస్టమర్ సంగతి తెలియాలంటే కనీసం పది పదిహేను మందితో మాట్లాడు, నీ ఫ్రెండ్స్ కాకుండా. "నేను పెడితే కొంటారా" అని మాత్రం అడక్కు, మొహమాటానికి అందరూ కొంటామనే అంటారు. పోయినసారి ఎక్కడ చేయించారు, ఎంతయింది, దేనికి విసుగొచ్చింది, ఇవి అడుగు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు అడ్వాన్స్ ఇచ్చారంటే అది నీ ప్లాన్ మొత్తం కంటే పెద్ద రుజువు.

ఇక లెక్కలు. అసలు ప్లాన్ అంటే ఇదే, మిగతాదంతా దీని చుట్టూ చెప్పుకునే కథ. లెక్క ఈజీగా ఉండటానికి షర్టు 100కి అమ్ముతావనుకో, ప్లెయిన్ షర్టు, ఇంకు, ప్యాకింగ్, పాడైపోయే పీసులు అన్నీ కలిపి 60 పోతే మిగిలేది 40. అద్దె, కరెంటు, మెషిన్ కంతు, నీ జీతం కలిపి నెలకి 8000 అనుకుందాం (నీ జీతం తప్పకుండా రాయి, చాలామంది అది వదిలేసి లాభం వస్తోందని మురిసిపోతారు). 8000ని 40తో భాగిస్తే 200. అంటే నెలకి 200 షర్టులు అమ్మితే లాభమూ లేదు నష్టమూ లేదు, దీన్నే బ్రేక్ ఈవెన్ అంటారు. నెలలో 26 రోజులు పనిచేస్తే రోజుకి దాదాపు 8. ఇప్పుడు నిన్ను నువ్వే అడుగు, రోజుకి 8 షర్టులకి ఆర్డర్లు ఎక్కడ్నుంచి వస్తాయి?

ఇంకోటి చూడు, మొదట్లో కదా అని 10 శాతం డిస్కౌంట్ ఇచ్చావు. రేటు 90, ఖర్చు అదే 60, మిగిలేది 30. ఇప్పుడు బ్రేక్ ఈవెన్ 267. పది శాతం తగ్గించినందుకు 67 షర్టులు ఎక్కువ అమ్మాలి, అంటే మూడో వంతు ఎక్కువ. ఈ లెక్క చూశాక చాలామంది డిస్కౌంట్ మాటే ఎత్తరు.

తర్వాత క్యాష్ ఫ్లో, అంటే డబ్బు చేతికి ఎప్పుడొస్తుంది, ఎప్పుడు పోతుంది అన్నది. లాభం వేరు, చేతిలో డబ్బు వేరు, చిన్న బిజినెస్‌లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. 150 షర్టుల ఆర్డర్ వచ్చిందని గంతులేస్తావు, కాగితం మీద 6000 మిగులు, కానీ సరుకుకి 9000 ఇవాళే కట్టాలి, వాళ్లేమో నెలన్నరకి ఇస్తారు, ఈలోపు అద్దె ఆగదుగా. అదే సగం అడ్వాన్స్ తీసుకుంటే 7500 చేతికొస్తుంది, నువ్వు సరుకుకి పెట్టాల్సింది 1500 మాత్రమే. అందుకే "పెద్ద ఆర్డర్లకి సగం అడ్వాన్స్" అన్నది ప్లాన్‌లో రాసుకో, తీరా కస్టమర్ ఎదురుగా కూర్చున్నాక నోరు రాదు. ఒక షీట్‌లో 12 నెలలు వేసి నెల మొదట్లో ఎంతుంది, ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది అని నింపు. జీరో నుంచి మొదలుపెట్టి మెషిన్ మొత్తం ఖర్చు మొదటి నెలలోనే వేస్తే (అప్పుడు నెలనెలా కంతు మళ్లీ వేయకు) మైనస్ ఎక్కడ బాగా లోతుకి పోతుందో కనిపిస్తుంది, నీకు కావాల్సిన పెట్టుబడి అదే, దానిమీద ఇంకొంచెం.

అదే షీట్‌ని కాపీ చేసి అమ్మకాలు సగం చేసి చూడు. 100 షర్టులే పోతే మిగులు 4000, ఖర్చు 8000, నెలకి 4000 లోటు, ఆరు నెలలకి 24000. తట్టుకోగలరా అన్నది మీ నాన్నతో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం.

మార్కెటింగ్ పేజీకి అంత సీన్ అక్కర్లేదు, మొదటి 20 మంది కస్టమర్లు ఎలా వస్తారో నాలుగు లైన్లలో రాస్తే చాలు. పోటీ లేదు అని మాత్రం రాయకు, ఎవరూ నమ్మరు. పేరాలు రాయడం కష్టంగా ఉంటే అలెగ్జాండర్ ఆస్టర్‌వాల్డర్ అనే బిజినెస్ రచయిత తయారుచేసిన బిజినెస్ మోడల్ క్యాన్వాస్ ఉంది, ఒకే పేజీలో కస్టమర్లు, ఖర్చులు, ఆదాయం లాంటివి రాసుకునే 9 గడులు, అది నింపినా పర్లేదు కానీ లెక్కల షీట్‌కి అది బదులు కాదు.

మీ నాన్నకి చూపించేటప్పుడు అందంగా డిజైన్ చేసిన పేజీలు కాకుండా ఆ సగం అమ్మకాల షీటే ముందు పెట్టు. కింద ఒక లైన్ కూడా రాయి, ఎన్నో నెలకి ఎన్ని షర్టులు దాటకపోతే ఆపేస్తానో. ఆయన డబ్బు కదా పెట్టేది, ఆయన అడగబోయే మొదటి ప్రశ్న అదే.