ప్రశ్న–జవాబు: కంపైలర్ మార్చితే డేటాబేస్ వేగం మారుతుందా?

ప్రశ్న: ఒకే మెషీన్ మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను జీసీసీ కంపైలర్‌తో ఒకసారి, క్లాంగ్ కంపైలర్‌తో ఒకసారి బిల్డ్ చేసి, దాని వేగం కొలిచే పీజీబెంచ్ నడిపాను. రెండింటికీ దాదాపు ఒకే అంకె వచ్చింది. మా స్నేహితుడికి మాత్రం స్పష్టమైన తేడా కనిపించిందట. ఎవరి లెక్క తప్పు?

జవాబు: ఇద్దరిదీ ఒప్పే కావచ్చు. పీజీబెంచ్‌ను ఏ ఆప్షనూ ఇవ్వకుండా నడిపితే ఒక్కో ట్రాన్సాక్షన్‌లో మూడు అప్‌డేట్లు, ఒక సెలెక్ట్, ఒక ఇన్సర్ట్ ఉంటాయి. కమిట్ అయిన ప్రతిసారీ లాగ్ డిస్కుకు చేరేదాకా ఆగాలి. అక్కడ మీరు కొలిచింది డిస్కును, కంపైలర్‌ను కాదు. పైగా స్కేల్ (టెస్టు డేటా పరిమాణం) 1 పెట్టి ఎక్కువ మంది క్లయింట్లను వదిలితే బ్రాంచెస్ టేబుల్‌లో ఉండేది ఒక్కటే వరుస. అందరూ దాని లాక్ కోసం క్యూ కడతారు.

కంపైలర్ తేడా బయటపడాలంటే ప్రాసెసరే అడ్డంకి కావాలి. స్కేల్ 100తో మొదలుపెట్టండి. అకౌంట్స్ టేబుల్‌లో కోటి వరుసలు, సుమారు ఒకటిన్నర జీబీ డేటా వస్తుంది. షేర్డ్ బఫర్స్ (డేటాను ఉంచుకునే మెమరీ) డిఫాల్ట్ 128 ఎంబీ మాత్రమే కాబట్టి 4 జీబీకి పెంచి, సెలెక్ట్-ఓన్లీ (చదవడం మాత్రమే) టెస్టు నడపండి. ప్రిపేర్డ్ మోడ్ (క్వెరీని ఒకసారి సిద్ధం చేసి మళ్లీ మళ్లీ వాడడం) వాడితే పార్సింగ్, ప్లానింగ్ పని చాలావరకు తప్పుతుంది, వాడకపోతే అదీ కొలతలో కలుస్తుంది. ఏదైనా సరే, రెండు బిల్డ్‌లకూ ఒకటే పెట్టండి.

అప్పుడు కూడా సమయంలో కొంత భాగం సాకెట్ల మీద పంపడం, అందుకోవడం కోసం ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌లోనే పోతుంది. దాన్ని బిల్డ్ చేసింది మీ కంపైలర్ కాదు. ఉదాహరణకు 40 శాతం కెర్నెల్‌ది అనుకుంటే, డేటాబేస్ కోడ్ సమయాన్ని 10 శాతం తగ్గించినా మొత్తంలో తగ్గేది 6 శాతమే.

ప్రశ్న: కొత్త కంపైలర్‌తో నేను చేసుకున్న బిల్డ్, రెడీమేడ్ ప్యాకేజీ కన్నా చాలా నెమ్మదిగా ఉంది. మార్చ్-నేటివ్ (ఈ ప్రాసెసర్‌కే తగ్గ కోడ్ పుట్టించే ఫ్లాగ్) కూడా ఇచ్చాను.

జవాబు: తప్పు బహుశా ఆ ‘కూడా’లోనే ఉంది. బిల్డ్‌ను సిద్ధం చేసే కాన్ఫిగర్‌కు సీఫ్లాగ్స్ (కంపైలర్ ఫ్లాగుల జాబితా) మీరే ఇస్తే, అది మామూలుగా పెట్టే ఓ2 (ఆప్టిమైజేషన్ స్థాయి) ఇక పెట్టదు. మార్చ్-నేటివ్ ఒక్కటే ఇస్తే ఆప్టిమైజేషన్ లేని బిల్డ్ తయారవుతుంది. సీఫ్లాగ్స్‌లో ఓ2ని కూడా రాయండి, లేదా మేక్ దశలో సీఓపీటీ ద్వారా అదనపు ఫ్లాగ్ ఇవ్వండి. పీజీ-కాన్ఫిగ్‌ను సీఫ్లాగ్స్ అడిగితే అసలు ఏం వెళ్లిందో తెలుస్తుంది.

రెండో అనుమానం ఎనేబుల్-కాసర్ట్. డెవలపర్ల కోసం పెట్టిన ఆ తనిఖీలు వేగాన్ని బాగా తినేస్తాయి. ‘షో డీబగ్ అసర్షన్స్’ అని అడిగితే ఆన్‌లో ఉందో లేదో చెబుతుంది. డీబగ్ సమాచారం కోసం ఇచ్చే జీ ఫ్లాగ్‌ను నిందించకండి, దానివల్ల ఫైలు పెరుగుతుందే గానీ వేగం తగ్గదు.

ప్రశ్న: ఓ3, ఫాస్ట్-మ్యాథ్ వాడవచ్చా?

జవాబు: ఫాస్ట్-మ్యాథ్ వద్దు. అనంతం, నాన్ (సంఖ్య కానిది) లాంటి విలువలు రావన్న భరోసాతో అది లెక్కలు మారుస్తుంది, పోస్ట్‌గ్రెస్ ఆ ఫ్లాగ్‌తో బిల్డ్ కావడానికే ఒప్పుకోదు. ఓ3 వల్ల ఇన్‌లైనింగ్ (ఫంక్షన్ కోడ్‌ను పిలిచిన చోటే చొప్పించడం) పెరిగి కోడ్ ఉబ్బుతుంది. చిన్న లావాదేవీల పనిలో సమయం వందలాది ఫంక్షన్లలో పరుచుకుని ఉంటుంది కనుక ఇన్‌స్ట్రక్షన్ క్యాష్ చాలక ఒక్కోసారి ఓ2 కన్నా వెనకబడుతుంది. కాలమ్‌ల మీద బిగువైన లూపులు తిప్పే విశ్లేషణ ఇంజిన్లలో ఓ3 పనికొస్తుంది. మార్చ్-నేటివ్ బిల్డ్‌ను పాత ప్రాసెసర్ ఉన్న మెషీన్‌కు మారిస్తే ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని ఆగిపోవచ్చు.

ప్రశ్న: ప్రొఫైల్ ఆధారిత ఆప్టిమైజేషన్ ఎలా చేయాలి? నేను చేస్తే ప్రొఫైల్ ఫైళ్లే పుట్టలేదు.

జవాబు: ప్రోగ్రామ్ నడిచిన తీరును నమోదు చేసి, దాన్నిబట్టి మళ్లీ బిల్డ్ చేయడం ఇది. ఫ్లాగుల ఆటలన్నింటిలో లావాదేవీల డేటాబేస్‌కు నిజంగా శ్రమపడదగ్గది ఇదే. జీసీసీతో ఓ2, ప్రొఫైల్-జనరేట్ కలిపి బిల్డ్ చేసి సర్వర్ నడపండి. శిక్షణ లోడ్ ఇచ్చి ఆపాక, అదే సోర్సును, అదే కంపైలర్‌తో, అదే డైరెక్టరీలో ప్రొఫైల్-యూజ్‌తో మళ్లీ బిల్డ్ చేయండి. మధ్యలో ఆబ్జెక్ట్ ఫైళ్లు మాత్రమే తీసేయాలి, జీసీడీఏ (ప్రొఫైల్) ఫైళ్లు పోకూడదు.

ఫైళ్లు పుట్టకపోవడానికి మామూలుగా రెండు కారణాలు. అవి బిల్డ్ డైరెక్టరీలోనే రాయబడతాయి, కానీ సర్వర్ నడిచేది వేరే యూజర్ కింద. అతనికి అక్కడ రాసే అనుమతి ఉండదు. రెండోది, ప్రాసెస్ సజావుగా ముగిసినప్పుడే కౌంటర్లు ఫైలుకెక్కుతాయి. సర్వర్‌ను ‘ఇమీడియట్’ మోడ్‌లో ఆపితే ఏమీ మిగలదు, ‘ఫాస్ట్’ మోడ్‌లో ఆపండి. క్లాంగ్ వాడితే ప్రొఫైల్ ఫైలు పేరులో ప్రాసెస్ నంబర్ గుర్తు పెట్టడం మంచిది, లేకుంటే ఒక బ్యాకెండ్ (ఒక్కో కనెక్షన్‌ను చూసే ప్రాసెస్) రాసినదాన్ని మరొకటి చెరిపేయవచ్చు. తర్వాత వాటిని ప్రొఫ్‌డేటా టూల్‌తో కలపాలి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ థ్రెడ్ల మీద నడుస్తుంది కాబట్టి జీసీసీలో ప్రొఫైల్-అప్‌డేట్‌ను అటామిక్‌గా పెట్టండి, లేకుంటే లెక్కలు పాడవుతాయి.

శిక్షణలో తగలని కోడ్‌ను జీసీసీ వేగానికి కాక సైజుకు సర్దుతుంది. కేవలం సెలెక్ట్‌లతో శిక్షణ ఇస్తే బల్క్ లోడ్, వాక్యూమ్ (పాత వరుసలను శుభ్రం చేసే పని) నెమ్మదించవచ్చు. ఏ బెంచ్‌మార్క్‌తో శిక్షణ ఇచ్చారో అదే నడిపి ‘ఇంత పెరిగింది’ అనడం, ముందే చూసిన ప్రశ్నపత్రానికి మార్కులు వేసుకోవడమే.

ప్రశ్న: పెద్ద రిపోర్ట్ క్వెరీల్లో పోలిక?

జవాబు: ముందు జిట్ (క్వెరీ నడిచేటప్పుడే కోడ్ పుట్టించడం) ఆపండి. పోస్ట్‌గ్రెస్ 12 నుంచి అది డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంది. బిల్డ్‌లో ఎల్‌ఎల్‌వీఎమ్ (కోడ్ పుట్టించే కంపైలర్ లైబ్రరీ) కలిపి ఉంటే, ఖర్చు అంచనా లక్ష దాటినప్పుడు ఎక్స్‌ప్రెషన్లకు కోడ్‌ను అదే పుట్టిస్తుంది. సర్వర్‌ను మీరు జీసీసీతో కట్టినా అంతే.

ప్రశ్న: 2 శాతం తేడా వచ్చింది. నమ్మాలా?

జవాబు: అదే బిల్డ్‌ను మళ్లీ మళ్లీ నడిపితే ఎంత ఊగుతుందో ముందు చూడండి. ఊగడమే 3 శాతం ఉంటే 2కు అర్థం లేదు. ప్రాసెసర్ గవర్నర్‌ను (దాని వేగాన్ని నియంత్రించేది) పెర్ఫార్మెన్స్‌లో పెట్టి, టర్బో ఆపి, డేటాను ముందే మెమరీలోకి తెచ్చి, ఒక్కోటి ఐదేసి నిమిషాల చొప్పున రెండు బిల్డ్‌లను మార్చి మార్చి కనీసం ఐదు విడతలు నడపండి. ఒకటి ఉదయమంతా, ఇంకొకటి సాయంత్రమంతా నడిపితే మెషీన్ వేడి కూడా కొలతలో చేరుతుంది.

అయినా తేడా నిలిస్తే ఫంక్షన్ల అలైన్‌మెంట్‌ను (మెమరీలో మొదలయ్యే హద్దు) 64 బైట్లు చేసి రెండింటినీ మళ్లీ బిల్డ్ చేయండి. మాయమైతే అది కోడ్ మెమరీలో ఎక్కడ పడిందన్న అదృష్టమే, కంపైలర్ నైపుణ్యం కాదు. ప్రాసెసర్ లెక్కలు చూపే పెర్ఫ్ స్టాట్‌తో ఇన్‌స్ట్రక్షన్లు, సైకిళ్లు, ఇన్‌స్ట్రక్షన్ క్యాష్ మిస్‌లు కూడా చూడండి. సెకనుకు ట్రాన్సాక్షన్ల కన్నా, ఒక్కో ట్రాన్సాక్షన్‌కు ఇన్‌స్ట్రక్షన్ల లెక్క తక్కువగా ఊగుతుంది. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ తయారీదారులు చిన్న చిన్న మెరుగుదలలను గడియారంతో కాక, ఇన్‌స్ట్రక్షన్లను లెక్కించే క్యాష్‌గ్రైండ్‌తో కొలిచేది అందుకే.