నాయన పుస్తకంలో అమ్మ ఎక్కడ?

ప్రశ్న: మా నాయన పోయిన మాఘంలో కాలం చేశారు. పంచాయతీ సమితుల రోజుల నుంచి రాజకీయాల్లో ఉన్నారు, రెండుసార్లు సర్పంచిగా చేశారు. పత్రికలకు వ్యాసాలు రాసేవారు. చదువుకునే పిల్లలకు ఫీజులు కట్టేవారు. సాంవత్సరీకానికి ఒక పుస్తకం వేయాలనుకుంటున్నాం. పదవులు, నాయకులతో దిగిన ఫొటోలు ఉంటే చాలని అన్నయ్య అంటున్నాడు. దానధర్మాల కోసం ఆయన ఒక కయ్య (వరి మడి) అమ్మేశారు. ఇంట్లో ఆ బాధ ఇప్పటికీ ఉంది. దాన్ని రాయొచ్చా?
– ఒక కూతురు, పుత్తూరు

జవాబు: రాయొచ్చమ్మా. రాయాలి కూడా. ఎందుకో మా ఇంటి సంగతి చెప్తాను.

మాది చంద్రగిరి దగ్గర పల్లె. మా నాయనా మీ నాయన లాంటివారే. ఆయన పోయిన ఏడాదికి మేమూ ఒక పుస్తకం వేశాం. ఎనభై పేజీలు, మంచి కాగితం. కండువాలు, దండలు, శంకుస్థాపనలు, ఆయన వ్యాసాలు ఎనిమిది. తిరుపతిలో అచ్చు వేయించి తెచ్చి, మొదటి కాపీ అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ ఐదో తరగతి దాకా చదువుకుంది. కళ్లద్దాలు పెట్టుకుని రెండు రోజులు కూడబలుక్కుని మొత్తం చదివింది. మూడో రోజు నన్ను పిలిచి, "అన్నీ ఉండాయి గానీ, ఇందులో మన పొయ్యి లేదే నాయనా" అంది.

నాకు నోట మాట రాలేదు. ఎలక్షన్లు వస్తే మా ఇంట్లో పూటకు ముప్పై మంది తినేవారు. తెల్లవారక ముందే రాగి సంగటి కెలికేది అమ్మ. చెనిగ్గింజలు వేయించి ఊరిబిండి నూరేది అమ్మ. రాత్రి పదకొండుకు నాయన ఎవరినో వెంటబెట్టుకుని వచ్చి "ఇంకో ఇద్దరికి చూడు" అంటే మళ్లీ ఎసరు పెట్టేది. నాయన రాసిన వ్యాసాలను తప్పుల్లేకుండా తిరగరాసిందీ ఆమే, ఆయన దస్తూరి పత్రికవాళ్లకు అర్థమయ్యేది కాదు కాబట్టి. ఎనభై పేజీల్లో ఆమె కనిపించేది ఒక్కచోట. అదీ పేరు లేకుండా, "సతీమణి" అని. ఆ పుస్తకం రాసింది నేనే. ఆ తప్పు నాది. అది దిద్దేలోగా అమ్మ కూడా వెళ్లిపోయింది.

అందుకే ముందు మీ అమ్మగారి దగ్గర కూర్చోండి. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకోండి. "నాయన ఎలాంటివారు?" అని అడగకండి. అలా అడిగితే "దేవుడులాంటి మనిషి" అంటారు, మాట అక్కడే ఆగిపోతుంది. "ఎలక్షన్ ఓడిపోయిన రోజు రాత్రి ఏం తిన్నారు?" "కయ్య అమ్మిన రోజు నీతో ఏమన్నారు?" అని అడగండి.

పదవుల పట్టిక వద్దని నేననను. కానీ పట్టికలో మనిషి కనిపించాలంటే ఒక సంగతి పక్కన ఇంకోటి పెట్టి చూడాలి. మన తిరుచానూరులో 1891లో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారిని తీసుకోండి. లోక్‌సభకు తొలి డిప్యూటీ స్పీకర్, 1956లో స్పీకర్, 1962లో బీహార్ గవర్నర్ అని అందరూ చెప్తారు. ఆయన మొదట లెక్కల మాస్టారుగా చేశారు, తర్వాత వకీలు అయ్యారు. 1950లో ప్రభుత్వ ఖర్చులను పరిశీలించే అంచనాల సంఘం ఏర్పడితే దాని తొలి అధ్యక్షుడూ ఆయనే. ఈ రెండూ పక్కపక్కన పెడితే ఆ మాస్టారు నాకు కళ్లముందు కనబడతారు. మీ నాయన విషయంలోనూ అలాంటి జతలు దొరుకుతాయి, వెతకండి.

ఇక కయ్య సంగతి. నా బీఈడీ ఫీజు కోసం దాచిన డబ్బును మా నాయన ఊళ్లో ఒకరి ఆపరేషన్‌కు ఇచ్చేశారు. నేను ఒక ఏడాది ఆగాల్సి వచ్చింది. నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆపరేషన్ చేయించుకున్నాయన బతికి బట్టకట్టి, తాను ఉన్నన్నాళ్లూ ఏటా ఒక మూట చెనక్కాయలు తెచ్చి మా వసారాలో దించిపోయేవారు. నా కోపమూ నిజమే, ఆ మూటా నిజమే. పుస్తకంలో రెండూ వదిలేశాను. మీరు రెండూ రాయండి. అన్నయ్య కాదంటే, ఆయన వైపు మాట ఆయన్నే సొంతంగా రెండు పేజీలు రాయమనండి. ఆ కయ్య ఆయనకూ రావాల్సిందే కదా, ఆయన బాధ ఆయనకుంటుంది.

సాయం పొందినవాళ్ల పేర్లు మాత్రం వాళ్లను అడక్కుండా వేయకండి. అప్పట్లో ఫీజు కట్టించుకున్న పిల్లలు ఈరోజు ఎక్కడో ఉద్యోగాల్లో ఉంటారు. చెప్పుకోవాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం.

ఇంకొకటి. రచయిత పోయాక అరవై ఏళ్ల వరకు రచనల మీద కాపీరైట్ ఉంటుంది. ఆయన వేరే ఏర్పాటు రాసిపెట్టకపోతే అది వారసులందరిదీ. వ్యాసాలు అచ్చువేసే ముందు అమ్మ, అన్నయ్య, మీరు కలిసి ఒక కాగితం మీద సంతకాలు చేసుకోండి. తర్వాత టెన్షన్ ఉండదు.

ప్రశ్న: తాతగారి ఉత్తరాలు ఒక పెట్టెనిండా ఉన్నాయి. చాలావాటి మీద తేదీ లేదు. వరుస ఎలా పెట్టాలి?
– పలమనేరు పాఠకుడు

జవాబు: ముందు పోస్టాఫీసు ముద్ర చూడండి, భూతద్దంతో చూస్తే చాలావరకు తెలుస్తుంది. అది చెరిగిపోతే అడ్రసు చూడండి. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. కాబట్టి 517తో మొదలయ్యే ఆరంకెలు ఉంటే ఆ ఉత్తరం దాని తర్వాతదే. లేకపోతే మాత్రం అంతకు ముందుదని అనుకోకండి, మనవాళ్లు చాలా ఏళ్లు ఆ అంకెలు వేసేవారు కాదు. "మద్రాసు రాష్ట్రం" అని ఉంటే 1953 అక్టోబరుకు ముందుది కావచ్చు. "పంచాయతీ సమితి" అని ఉంటే 1959 తర్వాత, మండలాలు రాకముందు. చిరిగినచోట సెల్లోటేప్ అంటించకండి, కొన్నాళ్లకు కాగితం పసుపెక్కి పాడవుతుంది. మీ అంచనా తేదీని వెనకవైపు పెన్సిల్‌తో రాయండి, పెన్నుతో వద్దు.