32 అంగుళాలు లాగే చేతులకు చెక్క బాణాలు సొంతంగా చేసుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ: 28 అంగుళాలు లాగినప్పుడు 40 పౌండ్ల బలం పట్టే లాంగ్‌బో (పొడుగాటి సాదా విల్లు) మీ దగ్గరుంది, చేతులు పొడుగు కాబట్టి 32 అంగుళాల దాకా లాగుతున్నారు, కొన్న చెక్క షాఫ్టులు (బాణం పుల్లలు) చాలడం లేదు, గుంటూరులో ఉండి సొంతంగా చేసుకునే దారి ఉందా అని. ఉందండి. నేను విజయవాడలో ఉంటాను, నా చేతులూ అలాంటివే. ఇక్కడ విలువిద్య అంటే జ్యోతి సురేఖ, ధీరజ్ బొమ్మదేవర పేర్లే. పిల్లలంతా కాంపౌండ్, రికర్వ్ అనే పోటీ విల్లుల వైపు వెళ్తారు, చేతిలో కార్బన్ బాణాలు. చెక్క బాణం అన్నామంటే పనంతా మనమే చూసుకోవాలి.

రెడీమేడ్ షాఫ్టులు సాధారణంగా 32 అంగుళాలే వస్తాయి. ముందు ములికి బిగించడానికి సన్నగా చెక్కే భాగానికే ఒక అంగుళం పోతుంది. మిగిలేది సుమారు 31. మీరు పూర్తిగా లాగితే ములికి విల్లు దాటి వెనక్కి వచ్చి మీ వేళ్ల మీదే పడుతుంది. ఇది గురి తప్పడం లాంటి చిన్న విషయం కాదు, చెయ్యి చీల్చుకుపోతుంది. నాక్ (అల్లెతాడు పట్టే వెనక చివర) గాడి నుంచి ములికి వెనక అంచు దాకా కనీసం 33 అంగుళాలు ఉంచుకోండి. విల్లు చేసినవాళ్లను కూడా ఒక మాట అడగండి, అది 32 దాకా లాగడానికి చేసిందేనా అని. 28కి చేసిన కర్రవిల్లును అంత లాగితే విరగొచ్చు.

అసలు తిప్పలు పొడవుతో కాదు, గట్టిదనంతో. దీన్నే స్పైన్ అంటారు. పొడుగు చేతులవాళ్లకు ఇక్కడ రెండు వైపులా దెబ్బ. 28 దాటాక లాగే ప్రతి అంగుళానికీ విల్లు లాగుడు బరువు సుమారు రెండున్నర పౌండ్లు పెరుగుతుంది, అంటే మీ 40 పౌండ్ల విల్లు మీ చేతిలో 50. మరో పక్క బాణం పొడుగైన కొద్దీ మెత్తబడుతుంది. వంపు పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అదే పుల్ల 28 నుంచి 33 అంగుళాలైతే 60 శాతానికి పైగా ఎక్కువ వంగుతుంది. అందుకే 28 మీద ప్రతి అంగుళానికీ 5 పౌండ్ల స్పైన్ కలుపుకోవాలని విలుకాళ్ల లెక్క. 33 అంగుళాల బాణం కాబట్టి 50కి 25 కలిపితే 75. మీ లాంగ్‌బోలో బాణం ఆనే చోట మధ్య దాకా కోసి ఉండదు, బాణం కాస్త వంగి విల్లును చుట్టుకుని పోవాలి కాబట్టి అయిదో పదో తగ్గించి 65-70 దగ్గర మొదలుపెట్టండి.

కొలవడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. 26 అంగుళాల ఎడంలో రెండు మేకుల మీద పుల్లను ఆనించి, మధ్యలో 907 గ్రాములు వేలాడదీయాలి. నీళ్ల సీసాను కిరాణా కొట్టు కాటా మీద పెట్టి, సీసాతో కలిపి అంత బరువు వచ్చేలా నీళ్లు పోసుకుంటే సరిపోతుంది. పుల్ల ఎన్ని అంగుళాలు దిగిందో చూసి 26ను దానితో భాగిస్తే స్పైన్ వస్తుంది. మీకు కావలసింది దాదాపు 10 మిల్లీమీటర్ల వంపు. గట్టిదనం లావుకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 11/32 అంగుళం పుల్ల బదులు 23/64ది తీసుకుంటే లావులో తేడా అర మిల్లీమీటరు కూడా ఉండదు గానీ గట్టిదనం దాదాపు 20 శాతం ఎక్కువ. మీరు 23/64 కంటే సన్నంది చూడొద్దు.

ఇక దేనితో చేయాలి? నా ఓటు వెదురుకే. జపాన్ క్యూడో విలుకాళ్లు అల్లెతాడును చెవి దాటించి లాగుతారు, వాళ్ల సంప్రదాయ బాణాలు వెదురువే, పొడవు మీటరుకు అటూ ఇటూ. నిచ్చెనలు, తడికెలు అమ్మే వెదురు దుకాణంలో చిటికెన వేలంత లావు, మందపాటి గోడ, దూరం దూరంగా కణుపులున్నవి ఏరుకోండి. నీడలో నెలల తరబడి ఆరాలి, మన వర్షాకాలంలో తొందరపడితే మళ్లీ వంకర పోతాయి. ఆరాక కణుపులు గీకి, బొగ్గుల సెగ మీదో హీట్ గన్‌తోనో వేడి చేసి, కావలసినదానికంటే కొంచెం ఎక్కువ వంచి, చల్లారేదాకా అలాగే పట్టుకోండి. లావు చివర ములికికి, సన్న చివర నాక్‌కు. నాక్ గాడికి కాస్త కిందే కణుపు ఉండేలా కోస్తే చీలదు, పైన దారం చుట్టి అరాల్డైట్ పూయండి. వెదురు అన్ని వైపులా ఒకేలా వంగదు, తిప్పి తిప్పి కొలిచి, గట్టి వైపు విల్లుకు ఆనేలా గుర్తు పెట్టుకోండి.

చెక్కే కావాలంటే ముడులు లేని పైన్ పలక. నార పొడుగునా తిన్నగా సాగాలి, పక్కకు జారిపోయే గీత ఒక్కటి కనబడినా పక్కన పెట్టేయండి, వదిలినప్పుడు అక్కడే విరుగుతుంది. రంపంతో కోసేకంటే కత్తితో చీలిస్తే నార వెంటే చీలుతుంది. పది మిల్లీమీటర్ల చదరపు పుల్లలుగా చేసి, మూలలకు చిత్రిక పట్టి ఎనిమిది పలకలు చేసి, ఎమరీ పేపర్‌తో గుండ్రం చేయాలి. కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి గురించి చాలామంది అడుగుతారు. బొమ్మకు అది బంగారం, బాణానికి మరీ మెత్తన. టేకు పనికొస్తుంది గానీ బరువు. 50 పౌండ్లకు మొత్తం బాణం కనీసం 32 గ్రాములు ఉండాలి, పైన్‌తో ములికి కలిపి అది సులువుగానే వస్తుంది.

కొనేసిన 32 అంగుళాల షాఫ్టుల్ని పారేయకండి. ముందు చివరను ఆరేడు అంగుళాల మేర కొసకు సన్నబడే చీలలా చెక్కి, అదే పొడవున చీలిక కోసిన రోజ్‌వుడ్ ముక్కలో జొప్పించి, జిగురు పెట్టి, గట్టిగా తాడు చుట్టి, ఆరాక గుండ్రం చేయండి. రోజ్‌వుడ్ ముక్క షాఫ్టు చివరను దాటి మూడంగుళాలు ముందుకు పొడుచుకుని రావాలి. చీలిక సరిగ్గా మధ్యలో కోయడమే కష్టం, మంచి వడ్రంగి మేస్త్రి చేతికిస్తే మేలు.

ఈకల విషయంలో ఒక్కటే: ఒక బాణానికి అన్నీ కుడి రెక్కవో, అన్నీ ఎడమ రెక్కవో ఉండాలి, కలపొద్దు. మొదటి బాణాన్ని 34 అంగుళాలుంచి, ఈకలు కట్టకుండా వేసి చూడండి. మీరు కుడిచేతి వాటం అయితే, తోక ఎడమకు తిరిగి బాణం కుడికి పోతే మెత్తగా ఉన్నట్టు. ముందు వైపు పావు అంగుళం చొప్పున కోస్తూ రండి, 33 దగ్గర మాత్రం ఆగిపోండి. అప్పటికీ కుడికే పోతుంటే తేలిక ములికి వేయండి, దానికీ లొంగకపోతే ఇంకో లావు పుల్ల ఎత్తుకోవడమే.