క్లిప్ చివర తగ్గిస్తే మధ్యలో నల్ల తెర ఎందుకు వస్తోంది?

నాగార్జునసాగర్ గేట్లు ఎత్తినప్పుడు తీసిన వీడియోను ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ చేస్తుంటే, క్లిప్ కోసిన ప్రతిచోటా ఖాళీ మిగిలి, అక్కడ నల్ల తెర వస్తోందని ఒకరు అడిగారు. మామూలు సెలెక్షన్ టూల్ క్లిప్‌ను పొట్టి చేస్తుంది గానీ, తర్వాతి వాటిని ముందుకు జరపదు. కీబోర్డులో బి నొక్కి, రిపుల్ ఎడిట్ టూల్‌తో క్లిప్ అంచును లాగండి, ఖాళీ దానంతటదే మూసుకుంటుంది.

కాకపోతే ఒక చిక్కుంది. కింద పాట వేసి, దాని దరువుకు షాట్లు సరిచూసుకుని ఉంటే, రిపుల్ చేయగానే ఆ తర్వాతవన్నీ తాళం తప్పుతాయి. అప్పుడు ఎన్ నొక్కి రోలింగ్ ఎడిట్ వాడాలి. ఒక క్లిప్ తగ్గినంత పక్కది పెరుగుతుంది, మొత్తం నిడివి మారదు. నీళ్లు దూకే క్షణం షాట్‌లో ఆలస్యంగా వస్తోందా? కోతలు కదపకండి. వై నొక్కి, స్లిప్ టూల్‌తో లోపలి దృశ్యాన్ని మాత్రం జరపండి. దీన్ని చాలామంది ముట్టుకోరు గానీ, నాకైతే ఎక్కువ పనికొచ్చేది ఇదే.

రోలింగ్, స్లిప్ రెండింటికీ క్లిప్‌లో వాడకుండా మిగిలిన ఫుటేజ్ ఉండాలి. లేకపోతే ఎంత లాగినా అంచు కదలదు. అందుకే డ్యామ్ దగ్గర జనం తోసుకుంటున్నా సరే, షాట్‌కు ముందూ వెనకా నాలుగైదు సెకన్లు ఎక్కువే తీయండి.