పాత నేతచీరను మించిన మసిగుడ్డ లేదు

పాత బట్టలతో వంటింటి గుడ్డలు చేత్తో కుట్టుకోవడం లాభమా, అంగట్లో దొరికే స్పాంజి ముక్కలు నయమా అని అడిగారు. మసిగుడ్డను ఏనాడూ కొనని కోనసీమ ఇంట్లో పెరిగినందువల్ల సందేహం లేకుండా చెబుతున్నాను: కుట్టుకోవడమే లాభం. అయితే ఏ బట్టతో కుడుతున్నారన్నది ముందు తేల్చుకోవాలి.

గుడ్డ నీటిని పీల్చాలంటే అది నూలుదై ఉండాలి, పైగా బాగా నలిగినదై ఉండాలి. కొత్త బట్టలో గంజి ఉంటుంది, పోగుకు సహజంగా ఉండే మైనమూ పూర్తిగా పోయి ఉండదు. అందుకే కొత్త తువ్వాలు తడిని పీల్చకుండా అటూ ఇటూ నెడుతుంది. ఏళ్ల తరబడి కాలువ రేవులో బండ దెబ్బలు తిన్న బండారులంక నేతచీర గానీ, పెద్దవాళ్లు కట్టి విడిచిన పంచె గానీ దొరికితే ఇక వేరే సరుకు వెతకనవసరం లేదు.

ఒక సంక్రాంతికి అంబాజీపేట దగ్గర మా పెద్దమ్మగారి ఇంట్లో ఉండగా, ఆవిడ చిన్న కోడలు వెలిసిపోయిన చీర ఒకటి తెచ్చి, ఇది అచ్చమైన కాటన్ అత్తయ్యగారూ, మసిగుడ్డలకు పనికొస్తుందని ఇచ్చింది. పెద్దమ్మ ఏమీ అనకుండా అంచు దగ్గర ఒక పోగు లాగి దీపం దగ్గర పెట్టింది. నూలు పోగైతే కాగితం కాలిన వాసన వేస్తుంది, వేళ్ల మధ్య నలిపితే బూడిదై రాలుతుంది. ఈ పోగు మాత్రం మంట తగిలీ తగలకముందే ముడుచుకుని, కరిగి, కొసన నల్లపూసలా గడ్డకట్టింది. చల్లారాక దానిని కోడలి అరచేతిలో పెట్టి, “నలిపి చూడు, అమ్మాయ్” అంది. అది నలగలేదు. పాలిస్టర్ పుట్టేది భూమిలోంచి తీసే చమురు నుంచేనని పెద్దమ్మ చెప్పగానే, అరుగు మీద పేపరు చదువుకుంటున్న పెద్దనాన్న, “అయితే ఇది నేతచీర కాదన్నమాట, మన ఊళ్లో చమురు కోసం తవ్విన బావుల సరుకే” అన్నారు. ఆ పిల్ల తప్పేమీ లేదు. మెత్తగా ఉన్న ప్రతి చీరనూ కాటన్ అని అంటగట్టే దుకాణాల వాళ్లదే తప్పు.

మామూలు గాలిలోని తేమలోంచే నూలు తన బరువులో సుమారు 8 శాతం పీల్చుకుంటుంది, పాలిస్టర్ పీల్చేది 0.4 శాతమే. పైగా అది 260 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది కనుక, దానితో పొయ్యి మీది మూకుడు దించబోతే చెయ్యి కాలుతుంది.

కుట్టడానికి పెద్ద విద్య అవసరం లేదు. అంచున కత్తెరతో గాటు పెట్టి లాగితే నూలుబట్ట పోగు వెంట చర్రున, తిన్నగా చిరుగుతుంది. జరీ ఉంటే తీసివేసి, మూరెడు చదరపు ముక్కలు చేసి, గిన్నెలు తుడవడానికి రెండు పొరలు, వేడి గిన్నెలు దించడానికి నాలుగు పొరలు పేర్చి, అంచులు లోపలికి మడిచి చుట్టూ కుట్టాలి. తరువాత బొంతకు కుట్టినట్లు వేలెడు ఎడంతో వరుసలు వేయాలి, లేకపోతే రెండు ఉతుకులకే పొరలు ఒక మూలకు చేరతాయి. మందంగా ఉంటే మంచిదని ఆరేడు పొరలు వేసేవారున్నారు. మన డెల్టాలో శ్రావణమాసపు ముసురుకు అవి ఆరవు, ముక్కిన వాసన వేస్తాయి. లేసు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన నరసాపురం ప్రాంతంలో, అంత సన్నని పని చేసే చేతులు కూడా స్పాంజి కొనుక్కుంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. పాత చీరలన్నీ మూటగట్టి, వీధిలోకి వచ్చే సామాన్లవాడికి ఇచ్చి ఒక ప్లాస్టిక్ తొట్టె తీసుకునే వారిని చూసినా అంతే.

చేపలు, రొయ్యలు కడిగే చోట వాడే గుడ్డకు వేరే రంగు దారంతో అంచు కుట్టి, దానిని పాలగిన్నెల వైపు రానివ్వకండి. వారానికొకసారి బట్టల సోడా వేసిన నీళ్లలో ఉడికించి ఎండలో ఆరవేస్తే గుడ్డ మళ్లీ శుభ్రపడుతుంది. స్పాంజిని అలా ఉడికించి చూడండి, ఏమవుతుందో మీకే తెలుస్తుంది. అడుగంటిన మాడు మాత్రం ఏ గుడ్డకూ వదలదు. దానికి దొడ్లో ఒలిచి పారేసిన కొబ్బరి పీచు, కాస్త బూడిద ఉండగా అక్కడ కూడా స్పాంజి అవసరం పడదు.