సెక్యూరిటీ ఉద్యోగానికి ముందు కోడ్ రాయడం అవసరమా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. కోడింగ్ ఇష్టం. కానీ ఇకపై కోడ్ అంతా ఏఐ రాసేస్తుందని, సైబర్ సెక్యూరిటీకి మారడమే మంచిదని సీనియర్లు అంటున్నారు. నాన్నగారు సీఐఎస్ఎస్‌పీ అనే సెక్యూరిటీ సర్టిఫికేషన్ శిక్షణకు ఫీజు కడతానంటున్నారు. ఈ ఉద్యోగాల్లో రోజూ చేసే పని ఎలా ఉంటుందో తెలియక తేల్చుకోలేకపోతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఆ ఫీజు ఇప్పుడే కట్టవద్దని నాన్నగారికి చెప్పండి. సీఐఎస్ఎస్‌పీకి మంచి విలువే ఉంది, కానీ అది ఉద్యోగంలో కొన్నేళ్లు గడిపినవారి కోసం పెట్టినది. సెక్యూరిటీ పనిలో 5 ఏళ్ల అనుభవం చూపితేనే ఇస్తారు. సంబంధిత డిగ్రీ ఉంటే అందులో ఒక ఏడాది మినహాయిస్తారు. అనుభవం లేకుండా పరీక్ష పాసైతే ‘అసోసియేట్’ హోదా మాత్రమే దక్కుతుంది. విద్యార్థి దశలో ఆ డబ్బుకు తగిన ఫలితం రాదు.

ఇక రోజువారీ పని. డెవలపర్ ఉద్యోగమంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కొత్త కోడ్ రాయడమని అనుకుంటే చేరిన నెలలోనే నిరాశ పడతారు. ఎవరో ఎప్పుడో రాసి వెళ్లిపోయిన కోడ్‌ను చదివి అర్థం చేసుకోవడం, బగ్ ఎక్కడుందో వెతకడం, తోటివారి కోడ్ రివ్యూ చేయడం, మన కోడ్‌లో వాళ్లు తప్పు చూపిస్తే నొచ్చుకోకుండా దిద్దుకోవడం, వాడుతున్న లైబ్రరీకి (ఇతరులు రాసిపెట్టిన సిద్ధ కోడ్) కొత్త వెర్షన్ వస్తే మార్చి ఏదీ చెడలేదని సరిచూసుకోవడం... ఎక్కువ సమయం వీటికే పోతుంది. ఏఐ రాసే కోడ్ పెరిగేకొద్దీ ఈ చదివే పని ఇంకా పెరుగుతుంది. ఆ కోడ్ వల్ల నష్టం జరిగితే జవాబు చెప్పాల్సింది మనిషే కదా! ఏఐ భయం ఒక్కటే కారణమైతే దారి మార్చుకోకండి.

సెక్యూరిటీలో కొత్తగా చేరినవారిలో చాలామందికి మొదటి పని అలర్టులు (ఏదో తేడా ఉందని సిస్టమ్ ఇచ్చే హెచ్చరికలు) చూడటం. తరచుగా షిఫ్టుల్లో ఉంటుంది, రాత్రి షిఫ్టులూ తప్పవు. వచ్చే అలర్టుల్లో చాలా భాగం ఉత్తివే. పాస్‌వర్డ్ మరిచిపోయి పదేపదే ప్రయత్నించిన ఉద్యోగి, వేళకు నడిచిన బ్యాకప్, ఇలాంటివి. వాటి మధ్య నిజమైనది ఒక్కటి కూడా జారిపోకూడదు. ఈ పనిలో అలసట చాలా ఎక్కువ. దాన్ని తక్కువగా చూపే శిక్షణ సంస్థల ప్రకటనలు నమ్మవద్దు.

ఆ తర్వాతి మెట్టు మరింత కష్టం: లోపం దొరికాక దాన్ని సరిచేయించడం. 2017లో అమెరికా రుణ సమాచార సంస్థ ఈక్విఫ్యాక్స్‌లో జరిగింది చూడండి. అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లోని లోపానికి మార్చిలోనే ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) వచ్చింది. 48 గంటల్లో వేయాలని కంపెనీ లోపల మెయిల్ కూడా వెళ్లింది. అయినా ఒక పోర్టల్‌కు ఎవరూ వేయలేదు, తర్వాత చేసిన స్కాన్‌లోనూ అది దొరకలేదు. మే నెలలో చొరబడినవారు జూలై చివరి దాకా లోపలే ఉన్నారు. సుమారు 14.7 కోట్ల మంది వివరాలు బయటికి పోయాయి. ట్రాఫిక్‌ను పరిశీలించాల్సిన పరికరం ఉంది, కానీ దాని డిజిటల్ సర్టిఫికెట్ (గుప్తంగా వెళ్లే సమాచారాన్ని విప్పి చూడటానికి కావాల్సినది) గడువు ఎప్పుడో తీరిపోవడంతో అది చూడాల్సిన దాన్ని చూడలేకపోయింది. కొత్త సర్టిఫికెట్ వేశాకే అనుమానాస్పద కదలికలు కంటపడ్డాయి. ఇక్కడ హెచ్చరిక వచ్చింది, మందూ ఉంది. ఏ సర్వర్‌లో ఏముంది, ఎవరిది, పని నిజంగా పూర్తయిందా అని చివరి దాకా వెంటపడటం ఒక్కటే జరగలేదు. సెక్యూరిటీ ఉద్యోగంలో పెద్ద భాగం ఆ వెంటపడటమే. గడువు ఒత్తిడిలో ఉన్న డెవలపర్ దగ్గరికి వెళ్లి, గొడవ పడకుండా, అతని పని ఆపి ఇది చేయించాలి. అతని కోడ్ మీకు అర్థమైతేనే అతను మీ మాట వింటాడు.

నా సలహాకు మూలం అదే. మొదటి రెండు మూడేళ్లు సాఫ్ట్‌వేర్ తయారుచేసే పనిలో ఉండండి, సెక్యూరిటీ మీద కన్ను వేసి ఉంచండి. మామూలుగా ఏది ఎలా నడుస్తుందో ఒంటబట్టినవారికే తేడా తెలుస్తుంది. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే లైబ్రరీలో దాచిన దొంగదారిని పట్టుకున్న ఆండ్రెస్ ఫ్రాయిండ్ సెక్యూరిటీ పరిశోధకుడు కాదు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే డెవలపర్. సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సురక్షితంగా కనెక్ట్ అయ్యే పద్ధతి) లాగిన్ దాదాపు అర సెకను ఆలస్యమవుతోందని గమనించి, వదిలేయకుండా కారణం తవ్వాడు. ఆ దొంగదారి పెట్టిన వ్యక్తి అంతకుముందు రెండేళ్లకు పైగా ఆ ప్రాజెక్టులో పనిచేసి నమ్మకం సంపాదించుకున్నాడు. అర సెకను తేడా కంటికి ఆనడం ఏ కోర్సూ నేర్పదు.

ఇప్పుడు చేతిలో ఉన్న కాలేజీ ప్రాజెక్టుతోనే మొదలుపెట్టండి. వెబ్ అడ్రస్‌లో 101 ఉన్నచోట 102 అని మార్చితే మరొకరి వివరాలు తెరుచుకుంటున్నాయా? పరీక్షించండి. ఇలా ఎవరికి ఏది చూపాలో తనిఖీ చేయకపోవడమే వెబ్ భద్రతా లోపాల జాబితాలు ఇచ్చే ఓవాస్ప్ సంస్థ 2021 జాబితాలో మొదటి స్థానంలో ఉన్న లోపం. పాస్‌వర్డ్‌లను ఉన్నదున్నట్టు దాస్తున్నారా, ఆర్గాన్2 లాంటి పద్ధతిలో హ్యాష్ చేస్తున్నారా (అసలు రూపం తిరిగి రాబట్టలేని విధంగా మార్చడం)? కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ఎక్కడైనా డేటాబేస్ పాస్‌వర్డ్ పెట్టేశారా? పెట్టి ఉంటే ఆ ఫైలు తొలగించినంత మాత్రాన చాలదు, పాత చరిత్రలో అది అలాగే ఉంటుంది. పాస్‌వర్డే మార్చాలి. సాధన కోసం కావాలనే లోపాలతో తయారుచేసిన జ్యూస్ షాప్ అనే వెబ్ అప్లికేషన్‌ను మీ కంప్యూటర్‌లోనే నడుపుకోవచ్చు. పోర్ట్‌స్విగ్గర్ వెబ్ సెక్యూరిటీ అకాడమీ పాఠాలూ ఉచితమే. ఇతరుల వెబ్‌సైట్ మీద మాత్రం అనుమతి లేకుండా ఒక్క ప్రయత్నం కూడా చేయకండి. ఉద్దేశం మంచిదే అయినా కేసులో ఇరుక్కునే ప్రమాదం ఉంది.

నెట్‌వర్క్ లాగ్‌లు (ఎప్పుడు ఏం జరిగిందో నమోదైన వివరాలు) గంటల తరబడి చదవడమే మీకు కోడ్ కన్నా ఇష్టమని ఈ సాధనలో తేలితే నేరుగా సెక్యూరిటీ ఉద్యోగానికే ప్రయత్నించండి, అందులో తప్పేమీ లేదు. ఏ ఇంటర్వ్యూకు వెళ్లినా రెండు విషయాలు అడిగి తెలుసుకోండి: రాత్రి సమస్య వస్తే ఫోను ఎవరికి వస్తుంది, నెలకు ఎన్నిసార్లు? మొదటి ఏడాది నా పనిని ఎవరు చూసి దిద్దుతారు? రెండో ప్రశ్నకు ఒక మనిషిని చూపలేని చోటు, జీతం ఎక్కువైనా, మొదటి ఉద్యోగానికి మంచిది కాదు.